నాలుగణాల చీటి : ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘమును మన సీమయు



ఈ సాయంకాలము నేను మీ ముందుంచ దలచిన విషయము ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘము యొక్క పుట్టుక, దాని పెంపు, అది మన సీమకు ఇచ్చిన మాట. నేను ఏ కక్షకును చెందినవాడను గాను. ముప్పది యేండ్లకు పైగా తెలుగు పండితుడనై పిల్లలకు పద్యములును వ్యాకరణమును చెప్పి, విరామము పొంది, తనకల్లులో కాలము పుచ్చుచున్న వాడను. ఇది ఓటు వేయుడనుటకును గాదు, వేయవలదనుటకును గాదు. ఒక సంస్థ ఎట్లు పుట్టినది, ఎట్లు వేరుపాఱినది, ఆడినమాట ఎంతవఱకు నిలుపుకొన్నది అనునది మాత్రమే విచారింతము.

ఈ విచారణకు నన్ను పురికొల్పినది ఒక చిన్న కాగితము. మా పితామహుల చెక్కపెట్టెలో పొలము దస్తావేజుల నడుమ పచ్చబాఱిన చీటి యొకటి ఉండెడిది. అది కాంగ్రెసులో సభ్యుడగుటకు నాలుగణాలు చెల్లించినందుకు వారికిచ్చిన రసీదు. తేదీని చెదలు తినివేసినవి. "నాలుగణాలు" అను మాట మాత్రము మిగిలినది. నా చిన్ననాట వాన తప్పిన ప్రతియేడును వారు ఆ చీటిని వెలికి దీసి, నాకు చూపి, "నాలుగణాలిచ్చినా గదరా నాయనా, నీళ్లెప్పుడొస్తాయో అడుగు" అనెడివారు. ఎవరిని అడుగవలెనో నాకు తెలియదు. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుచు నేను చదివినదే నేడు మీకు విన్నవించుచున్నాను.

మన సంస్కృతమున 'శాఖ' యనగా కొమ్మ. దేశమంతటికిని చెందిన సంస్థ యొక్క రాష్ట్రభాగమును శాఖ యనుట వాడుక. అయితే కొమ్మలన్నియు ఒక్క తీరున నుండవు. వేపకొమ్మ మ్రానుపైననే ఆధారపడును. మ్రాను కూలిన కొమ్మయు కూలును. మఱ్ఱికొమ్మ అట్లు గాదు. తనకల్లునకు దాపుననే గూటిబయలులో సుమారు అయిదెకరముల మేర విస్తరించిన తిమ్మమ్మ మఱ్ఱిమానును మీలో చూడనివారుండరు. 1989లో అది గిన్నిసు గ్రంథమున కెక్కినది. దాని కొమ్మలు ఊడలు దింపినవి, ఊడలు నేలను అందుకొని స్తంభములైనవి, ఆ స్తంభములే కొమ్మలను మోయుచున్నవి. రాజకీయ సంస్థ యొక్క రాష్ట్రశాఖ వేపకొమ్మయా, మఱ్ఱికొమ్మయా అనునదే మన విచారణకు మూలము.

మొదట మన సీమ నాటి స్థితిని కొంచెము స్మరింపవలెను. 1800వ సంవత్సరమున నిజాము తన ఏలుబడిలోని ఈ ప్రాంతమును ఇంగ్లీషు కంపెనీకి అప్పగించెను. అందుచేత దీనికి 'దత్తమండలములు' అను పేరు వచ్చెను. ఇతరుడు దానమిచ్చిన నేల యని అర్థము. 1882లో బళ్లారి నుండి వేఱుపఱచి అనంతపురము జిల్లాను ఏర్పఱచిరి. మన కదిరి ప్రాంతము, దానితో తనకల్లును, నాటికి కడప జిల్లాలోనిది. 1910లో అనంతపురమునకు మార్పబడెను. ఏ కచ్చేరికి పోవలెనో, ఏ దొర దర్శనము చేయవలెనో పైవారు నిర్ణయించుటయే గాని ఊరివారిని అడిగినవారు లేరు. ధాత కరువు అని మన ముదుసళ్లు చెప్పుకొనిన 1876–78 నాటి క్షామము ఈ నేలను శ్మశానము చేసెను. కృష్ణా గోదావరుల డెల్టాలో అప్పటికే ఆనకట్టలు లేచినవి. ధవళేశ్వరమున 1852 నాటికి, బెజవాడలో 1855 నాటికి నీరు కాలువల కెక్కినది. అక్కడ వరి పండినది, వరితో ధనమును, ధనముతో చదువును వచ్చినవి. మనకు కొఱ్ఱలు, సద్దలు, ఉలవలు. అవియు వరుణుని దయ. ఈ భేదము ముందు చెప్పబోవు కథకంతకును కీలకము గనుక మనస్సున నుంచుకొనుడు.

1885 డిసెంబరు 28వ తేదీన బొంబాయిలో కాంగ్రెసు మొదటి సభ జరిగెను. దానికి వచ్చిన ప్రతినిధులు 72 మంది. వారిలో అనంతపురము జిల్లావాడొకడు కలడు: గుత్తి న్యాయవాది పి. కేశవ పిళ్ళై. బొంబాయి యెక్కడ, గుత్తి యెక్కడ! దేశములోని మహానగరముల నుండి వచ్చిన ఉద్దండుల నడుమ కరవుసీమ నుండి ఒకడు పోయి కూర్చుండుట మనకు గర్వకారణమే. 1891లో నాగపురపు సభకు అధ్యక్షుడైన పనబాక ఆనందాచార్యులు చిత్తూరు దగ్గఱి కట్టమంచివాడు. కావున కాంగ్రెసునకు మన సీమవారు క్రొత్తవారు గారు. కాని ఆనాటి కాంగ్రెసు నేటివలె ఊరూర శాఖలు గల సంస్థ గాదు. ఏటికొకసారి డిసెంబరు నెలలో పెద్దనగరమున కూడుట, ఇంగ్లీషులో ఉపన్యసించుట, తీర్మానములను ప్రభుత్వమునకు పంపుట, రైలెక్కి ఇండ్లకు మరలుట—ఇంతవఱకే దాని పని. కొమ్మలు గలవు గాని ఊడలు లేవు.

పిమ్మట తెలుగువారికి ప్రత్యేకశాఖ కావలెనను కోరిక పుట్టెను. చెన్నపట్టణపు రాజధానిలో తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ భాషల వారందఱును ఒక్క కూటమి. కాంగ్రెసు రాష్ట్రసంఘమును చెన్నపురిలోనే యుండెను. తెలుగు రైతు తన కష్టమును ఆ సంఘమునకు తన భాషలో చెప్పుకొనుట కష్టము. చెప్పినను గ్రహించువారు తక్కువ. 1913 మేలో బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ జరిగెను. బయ్యా నరసింహేశ్వర శర్మ అధ్యక్షుడు. తెలుగువారికి ప్రత్యేకరాష్ట్రము వలెనను తలంపు అక్కడినుండి ఏటేట బలపడెను. అయితే ప్రభుత్వము రాష్ట్రమును ఇచ్చువఱకును కాచుకొనుట యెందులకు? ముందుగా కాంగ్రెసులోనే తెలుగువారికి వేఱు సంఘము సంపాదింతము. ఆ పోలికనుబట్టి రాష్ట్రము వచ్చును అని కొండ వెంకటప్పయ్య, భోగరాజు పట్టాభి సీతారామయ్య మొదలైనవారు ఆలోచించిరి.

ఇందుకు దేశనాయకులందఱును తోడ్పడలేదు. 1917లో కలకత్తాలో అనీబిసెంటమ్మ అధ్యక్షతన కాంగ్రెసు జరిగినప్పుడు ఈ విషయమై గట్టి వాదము నడచెను. బిసెంటమ్మ ఒప్పుకొనలేదు. అప్పటికి దేశమునకు రానున్న రాజ్యాంగ సంస్కరణలు వచ్చువఱకు ఆగవచ్చునని గాంధీ మహాత్ముడు సైతము తలచెను. లోకమాన్య తిలకు మాత్రము, ప్రజలు తమ భాషలో తమ పనిని తాము నడపుకొనలేనిచో స్వరాజ్యమునకు అర్థమే లేదని గ్రహించి ఆంధ్రుల పక్షమున నిలిచెను. తుదకు కోరిక నెఱవేఱెను. 1918 జనవరి 22వ తేదీన ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘము ఏర్పడెను. న్యాపతి సుబ్బారావు పంతులు ప్రథమాధ్యక్షుడు. కొండ వెంకటప్పయ్య కార్యదర్శి. ఆంధ్రరాష్ట్రము ఏర్పడుటకు 35 సంవత్సరముల ముందే, కాగితముమీద లేని దేశమునకు ఒక సంఘము పుట్టినదన్నమాట. ఇల్లు కట్టకముందే గృహప్రవేశము చేసినట్లున్నదని ఆనాడు హాస్యమాడవచ్చును. కాని చరిత్రలో ఒక్కొక్కప్పుడు గడప ముందు నిలిచి, గోడలు తరువాత లేచును.

అయితే పెద్దలారా, మన దత్తమండలములవారు ఈ సంబరమున పాలుగొనిరా? పూర్తిగా గొనలేదు. 1917లో నెల్లూరి సభలో ప్రత్యేకాంధ్ర రాష్ట్ర విషయము వచ్చినప్పుడు మన ప్రతినిధులు జంకిరి. వారు జంకిన కారణము నీచమైనది గాదు. "చెన్నపట్టణములో అఱవవారి పెత్తనమును వదలి బెజవాడలో సర్కారు జిల్లాలవారి పెత్తనము క్రిందికి పోవుటలో మాకేమి లాభము? వారికి నీరున్నది, చదువున్నది, ఉద్యోగములకు కావలసిన యోగ్యత లున్నవి. మాకు కరవున్నది" అనునది వారి వాదముయొక్క సారము. ఒక్క భాష మాటలాడినంతమాత్రమున ఒక్క కంచమున తిందురను నమ్మకము లేదు గదా. ఈ అపనమ్మకమే తరువాతి ఇరువది యేండ్ల కథను నడపినది.

1920 డిసెంబరులో నాగపురమున కాంగ్రెసు తన నిబంధనలను సమూలముగా మార్చెను. గాంధీమహాత్ముని చేతిలో ఆ సంస్థ రూపమే మాఱిపోయెను. బ్రిటిషువారి రాజధానులను విడిచి భాషలనుబట్టి 21 కాంగ్రెసు రాష్ట్రములను ఏర్పఱచిరి. ఊరిసంఘము, దానిపై తాలూకా సంఘము, దానిపై జిల్లా సంఘము, దానిపై రాష్ట్రసంఘము, అన్నిటికి పైన అఖిలభారత సంఘము—ఈ మెట్లు నాడు కట్టబడినవే. జనసంఖ్యలో 50,000 మందికి ఒక ప్రతినిధికి మించకుండ మహాసభకు పంపవలెనని నియమించిరి. సభ్యుడగుటకు ఏటికి నాలుగణాలు చెల్లించి, కాంగ్రెసు ఆశయమును అంగీకరించుచు వ్రాలు చేయవలెను. మా తాతగారి పెట్టెలోని చీటికి మూలమిదియే. నాలుగణాలిచ్చిన రైతు ఊరిసంఘమును ఎన్నుకొనును. ఆ మెట్లెక్కుచు అతని మాట దేశపు సభవఱకు చేరవలెను. మఱ్ఱికొమ్మ ఊడలు దింపిన కాలమది.

1921 మార్చి నెలాఖరున అఖిలభారత సంఘము బెజవాడలో కూడి, జూను 30లోగా తిలకు స్వరాజ్యనిధికి కోటి రూపాయలు, కాంగ్రెసున కోటి సభ్యులు, దేశమున 20 లక్షల రాట్నములు సమకూర్పవలెనని నిశ్చయించెను. సంఖ్యలు వినుటకు పెద్దవి. ఆ కోటిమందిలో ఒక్కొక్కడును ఊరిరచ్చమీద పంచెకొంగు ముడి విప్పి నాలుగణాలు తీసినవాడే యని తలచుకొనిన ఆ సంఖ్యకు ప్రాణము వచ్చును.

రాష్ట్రశాఖ యొక్క బలమును, దాని హద్దును కూడ ఆ రెండేండ్లలోనే కనబడినవి. చీరాల పేరాలలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాటపై జనులు ఊరు విడిచిపోయిరి. పల్నాటిలో పుల్లరిని నిరాకరించి కన్నెగంటి హనుమంతు 1922లో ప్రాణములర్పించెను. గుంటూరు జిల్లా పెదనందిపాడు ప్రాంతమున పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వమున రైతులు పన్ను కట్టుట మానిరి. ఇంతలో 1922 ఫిబ్రవరిలో ఉత్తరదేశమున చౌరీచౌరాలో హింస జరిగెను. గాంధీమహాత్ముడు ఉద్యమమును నిలిపివేసెను. ఎక్కడి చౌరీచౌరా, ఎక్కడి పెదనందిపాడు! అయినను పైనుండి ఆజ్ఞ వచ్చినది గనుక ఇక్కడి పోరును ఆగిపోయెను. శాఖకు మ్రానువలన బలము కలుగును. మ్రాను వంగినప్పుడు తానును వంగవలెను. దేశీయ సంస్థ యొక్క రాష్ట్రశాఖ కెల్లప్పుడును ఈ రెండు ధర్మములు తప్పవు.

ఇంకొక విశేషమును చెప్పెదను. బళ్లారి జిల్లా ఆంధ్ర సంఘమునకు చెందవలెనా, కర్ణాటక సంఘమునకు చెందవలెనా అని తగవు పుట్టెను. 1921లో నరసింహ చింతామణి కేల్కరు మధ్యవర్తియై ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలను ఆంధ్ర సంఘమునకును, బళ్లారి మొదలగువానిని కర్ణాటక సంఘమునకును చెందునట్లు తీర్పు చెప్పెను. ఆనాడది కేవలము ఒక సంస్థలోని పంపకము. కాని ముప్పది రెండేండ్ల తరువాత, 1953లో, ప్రభుత్వము గీచిన ఎల్లలు దాదాపు ఆ రేఖనే అనుసరించినవి. కక్షలు తమలో తాము చేసికొను ఏర్పాటులను తేలికగా చూడరాదనుటకు ఇది తార్కాణము. నేటి సంఘపు తీర్మానము రేపటి శాసనము కావచ్చును.

మన జిల్లాలో కాంగ్రెసు పనిని నిలబెట్టినవారిలో ఇరువురిని స్మరింపకున్న కృతఘ్నత యగును. హిందూపురము తాలూకా కల్లూరిలో పుట్టిన కల్లూరు సుబ్బారావు ఒకరు. అనంతపురమున 1926 నుండి శ్రీ సాధన పత్రికను నడపిన పప్పూరు రామాచార్యులు ఇంకొకరు. చెఱసాలలకు పోయిరి, పల్లెలు తిరిగిరి. ఒకరు మాటతో, ఒకరు వ్రాతతో ఈ కరవునేలకు దేశమును పరిచయము చేసిరి. 1928 నవంబరులో నంద్యాల సభలో దత్తమండలములను పేరును తొలగించి 'రాయలసీమ' యని నామకరణము చేసిరి. ఆ పేరును సూచించిన పండితుడు చిలుకూరి నారాయణరావు, అనంతపురపు కళాశాలలో అధ్యాపకుడు. దానమిచ్చిన నేల అను పేరు పోయి రాయలేలిన నేల అను పేరు వచ్చినది. పేరు మాఱిన వాన కురియదు, నిజమే. కాని తన పేరును తానే పెట్టుకొనిన జనము తన భాగమును తానే అడుగగలదు.

ఇక కథకు ప్రాణమైన ఘట్టమునకు వచ్చుచున్నాను.

1937లో ఎన్నికలు జరిగి చెన్నరాజధానిలో కాంగ్రెసు గెలిచి, జులైలో రాజగోపాలాచారి మంత్రివర్గము ఏర్పడెను. కాంగ్రెసువారే పాలకులైరి గనుక ఆంధ్రరాష్ట్రము నేడో రేపో వచ్చునను ఆశ కలిగెను. అప్పుడు రాయలసీమ నాయకులు పాత సందేహమును మరల ముందుంచిరి. ఆ యేడు బెజవాడలో ఆంధ్ర మహాసభ రజతోత్సవము కడప కోటిరెడ్డి అధ్యక్షతన జరిగెను. రాష్ట్రము వచ్చిన పిమ్మట అడుగుటకంటె రాకముందే మాట తీసికొనుట మేలని మనవారు పట్టుపట్టిరి. పెండ్లికి ముందు మాట్లాడుకొనని ఇచ్చిపుచ్చుకోలు పెండ్లి తరువాత తగవులగునని పల్లెవారి కెవరు నేర్పవలెను?

1937 నవంబరు 16వ తేదీన, చెన్నపట్టణమున దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి 'శ్రీబాగు' అను భవనమున ఇరుప్రాంతముల కాంగ్రెసు పెద్దలు కూర్చుండిరి. సర్కారు జిల్లాల పక్షమున పట్టాభి సీతారామయ్య, కొండ వెంకటప్పయ్య మొదలైనవారు; మన పక్షమున కోటిరెడ్డి, కల్లూరు సుబ్బారావు, పప్పూరు రామాచార్యులు, హాలహర్వి సీతారామరెడ్డి మొదలైనవారు. అక్కడ వ్రాసికొనిన పత్రమే శ్రీబాగు ఒడంబడిక.

అందలి షరతులు నాలుగు విషయములకు సంబంధించినవి. మొదటిది విద్య: ఆంధ్ర విశ్వవిద్యాలయము వాల్తేరులోనే యున్నను అనంతపురమున దానికొక కేంద్రము వెలయవలెను. రెండవది నీరు: పది సంవత్సరములు గాని, పరిస్థితులనుబట్టి అంతకుమించి గాని, నీటిపారుదల పథకములలో రాయలసీమకును నెల్లూరునకును అగ్రస్థానము నీయవలెను, ముఖ్యముగా తుంగభద్ర, కృష్ణ, పెన్న నదుల జలములను వినియోగించుటలో మన అవసరము ముందు చూడవలెను. మూడవది శాసనసభ: స్థానములను జిల్లాలకు సమముగా పంచవలెను, జనసంఖ్య యెక్కువగల కోస్తా జిల్లాలు మనలను త్రోసిపుచ్చకుండుట కిది కట్టుబాటు. నాల్గవది రాజధాని: ముఖ్యపట్టణమును, ఉన్నత న్యాయస్థానమును ఒకేచోట నుండనక్కఱలేదు, ఒకటి కోస్తాలో, ఒకటి సీమలో నుండవలెను, వానిలో ఏది కావలెనో కోరుకొను హక్కు రాయలసీమది.

ఈ పత్రముయొక్క స్వభావమును జాగ్రత్తగా గమనింపుడు. ఇది ప్రభుత్వము చేసిన శాసనము గాదు. న్యాయస్థానమున చెల్లునట్టి దస్తావేజు గాదు. ఒక్క సంస్థకు చెందిన పెద్దమనుష్యులు ఒకరికొకరు ఇచ్చికొనిన మాట. దానికి సాక్షి వారి మనస్సాక్షి; పూచీ ఆ సంఘముయొక్క గౌరవము. సంఘము బలముగా నున్నంతకాలము మాటకు విలువ. సంఘమున చీలికలు వచ్చినను, పెద్దలు గతించినను, ఆ మాటను అడుగుటకు గడప యుండదు. మా తాతగారి ప్రశ్నకు చిక్కు ఇక్కడనే పడినది.

ఆడినమాట ఎంతవఱకు చెల్లినదో లెక్కచూతము. పొగడ్తయు వలదు, నిందయు వలదు.

1942లో క్విట్ ఇండియా పోరాటమునకు ఆంధ్ర సంఘమువారు పంపిన ఉత్తరువు కర్నూలులో ప్రభుత్వమువారికి దొరకుటచే 'కర్నూలు సర్క్యులరు' అను పేర ప్రసిద్ధమయ్యెను. అనంతపురము జిల్లా ఇల్లూరిలో పుట్టిన నీలం సంజీవరెడ్డి 1938 నుండి పదియేండ్లపాటు రాష్ట్రసంఘమునకు కార్యదర్శి. 1951లో ఆచార్య రంగాపై పోటీచేసి ఆ సంఘమునకు అధ్యక్షుడయ్యెను. కోస్తావారి సంఘమని మనవారు శంకించిన ఆ శాఖకు కరవుజిల్లావాడే అధ్యక్షుడగుట చిన్న మార్పు గాదు. అయితే ఆ పోటీ తరువాత చీలిక లేర్పడి ప్రకాశము, రంగా మొదలైనవారు సంస్థను విడిచిపోయిరి. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు ఆత్మార్పణము చేసెను. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించెను. కాంగ్రెసు మద్దతుతో ప్రకాశము ముఖ్యమంత్రి, సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి. ఒడంబడిక ననుసరించి కర్నూలు ముఖ్యపట్టణమయ్యెను. 1954లో గుంటూరున ఉన్నత న్యాయస్థానము వెలసెను. నాల్గవ షరతు చెల్లినది. కాని 1956 నవంబరు 1న తెలంగాణముతో కలసి ఆంధ్రప్రదేశము ఏర్పడగా రెండును హైదరాబాదునకు పోయినవి. చెల్లిన షరతు మూడేండ్లే నిలిచినది.

విద్యవిషయమున అనంతపురమునకు చిరకాలము తరువాత న్యాయము జరిగెను. 1981లో అక్కడ శ్రీ కృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము ఏర్పడెను. ఒడంబడికకును దానికిని నడుమ 44 సంవత్సరములు.

ఇక నీరు. తుంగభద్ర ఆనకట్ట పని 1945లో మొదలై 1953 నాటికి నీరు వదలబడెను. ఎగువకాలువ మన జిల్లా పడమటిభాగమునకు వచ్చెను. ఎందఱో రైతులు దానివలన బ్రతికిరి. దానిని కాదనుట పాపము. కాని మా తనకల్లు మెట్టలకు ఆ నీరు పాఱలేదు. కృష్ణాజలమును శ్రీశైల జలాశయమునుండి ఎత్తిపోసి తెచ్చు హంద్రీ–నీవా పథకపు నీరు 2012లో అనంతపురము జిల్లాలోని జీడిపల్లి జలాశయమునకు చేరెను. శ్రీబాగులో 'కృష్ణ' అను మాట వ్రాసిన 75 సంవత్సరములకు కృష్ణ నీరు మన జిల్లా ముఖము చూచినదన్నమాట. ఆ పథకపు రెండవదశ కాలువ కదిరిప్రాంతము మీదుగా చిత్తూరుసీమవైపు పోవుచున్నది. పదియేండ్లు మీకే ముందు అనిన మాటకు డెబ్బదియైదేండ్లు గడచినవి. సాలుకు సుమారు 55 సెంటీమీటర్ల వానతో వేరుసెనగ విత్తి, ఆకాశమువైపు చూచు రైతునకు డెబ్బదియైదేండ్లనగా మూడు తరములు. మా తాతగారు ఆ నీటిని చూడలేదు. మా తండ్రిగారును చూడలేదు.

ఈ ఆలస్యమున కంతకును ఒక్క సంఘమునే దోషిగా నిలబెట్టుట న్యాయము గాదు. నదులపై అనేక రాష్ట్రముల హక్కులున్నవి, ధనము కావలెను, మెట్టసీమకు నీరెక్కించుట పల్లమునకు పాఱించుటవంటిది గాదు. 1983 తరువాత వేఱు కక్షలును రాజ్యమేలినవి. అయినను ఒక్కమాట చెప్పక తప్పదు. మాట యిచ్చినవారు పెద్దమనుష్యులే. మాటను శాసనముగా మార్చి, ఏటేట ఎంత జరిగినదో జనమునకు లెక్కచెప్పు ఏర్పాటు మాత్రము ఆ పత్రమున లేకపోయెను. 1956లో ఆంధ్ర తెలంగాణ నాయకులు ఢిల్లీలో చేసికొనిన పెద్దమనుషుల ఒప్పందమునకును ఇదే లోపము. అది చెల్లలేదను కోపము తెలంగాణమున తరతరములకు ప్రాకి, తుదకు 2014 జూను 2న రాష్ట్రము రెండుగా చీలెను. ఇంటిలో తీర్పుకాని మాట వీధిలో తగవగును.

నేడా శాఖ స్థితి యేమి? సంజీవరెడ్డి 1960లో అఖిలభారత కాంగ్రెసునకే అధ్యక్షుడు, 1977లో భారత రాష్ట్రపతి. కొమ్మపై పుట్టినవాడు మ్రాను శిఖరమున కెక్కెను. కాని 1983లో ఎన్. టి. రామారావు నెలకొల్పిన తెలుగుదేశముచేత ఆ సంస్థ తొలిసారి రాష్ట్రాధికారమును కోల్పోయెను; మరల గెలిచెను, మరల ఓడెను. 2014లో రాష్ట్ర విభజనముతో రాష్ట్రసంఘమును రెండయ్యెను. 2014, 2019, 2024 సంవత్సరముల శాసనసభ ఎన్నికలలో నేటి ఆంధ్రప్రదేశమున ఆ సంస్థకు ఒక్క స్థానమైనను దక్కలేదు. ఒకనాడు రాష్ట్రమునకు ముందే పుట్టిన సంఘము, రాష్ట్రపు శాసనసభలో మనిషిలేనిదయ్యెను. శత్రువుల సంతోషమునకు గాని మిత్రుల దుఃఖమునకు గాని నేనిది చెప్పుట లేదు. ఊడలు దింపినన్నినాళ్లు ఆ కొమ్మ విస్తరించినది. ఊరిసంఘములు మూతపడి, నాలుగణాల సభ్యుడు తన మాటను మెట్లెక్కించు మార్గము మాసిపోయిన పిదప, కొమ్మ మ్రానుపైననే వ్రేలాడినది. ఈ ధర్మము ఆ సంస్థకు మాత్రమే కాదు, ఏ దేశీయ కక్ష శాఖకైనను, నేడు గెలిచి వెలుగుచున్నవానికిని వర్తించును.

పెద్దలారా, మా తాతగారి చీటి నేడు నా దగ్గఱ నున్నది. దానిని నేను చింపలేదు, పటము కట్టలేదు. మనుమలు అడిగినప్పుడు చూపుచుందును. నాలుగణాలకు నీరు రాదని వారు నవ్వుదురు. నేను నవ్వను. ఆ నాలుగణాలు నీటికి వెల గాదు. అడుగు హక్కునకు వెల. ఆ హక్కును కొనినవాడు బ్రతికియున్నంతకాలము అడుగుచునే యుండెను. కాని రచ్చకట్టపై అడుగలేదు, సంఘమున అడుగలేదు. ఇంటిలో మనుమని అడిగెను. లోపమెక్కడ నున్నదో మీరే యోచింపుడు.

ఇకమీదట ఏ కక్షవారు మన రచ్చకట్టకు వచ్చి నీరు, బాట, బడి అని మాట యిచ్చినను, మూడు ప్రశ్నలు వేయుడు: ఈ మాట ఎక్కడ వ్రాసినారు? ఎన్నాళ్లకు చెల్లింతురు? చెల్లకున్న మేము ఎవరిని అడుగవలెను? మూడవదానికి సమాధానము చెప్పగలిగినవాని మాటనే మాటగా లెక్కింపుడు. శ్రీబాగులో కూర్చుండిన మన పెద్దలు మొదటి రెండు ప్రశ్నలను అడిగిరి. వారికి మనము ఋణపడి యున్నాము. అడుగక విడిచిన మూడవ ప్రశ్నను మనము అడిగిననే ఆ ఋణము తీఱును.

స్వస్తి.